పోస్ట్‌డాక్ తప్పించుకునే పద్ధతులు: ఓ జుక్కల్ పెద్దమనిషి సలహాలు

పైగాలిలో విద్యుత్ కణాలుండే అయనోస్ఫియర్ మీదనో, రుతుపవనాల పైన వీచే గాలుల మీదనో పీహెచ్‌డీ ముగించి, "ఇక పోస్ట్‌డాక్ చూసుకోవాలె" అంటూ ఊరికొచ్చే పిల్లల కోసం ఈ సలహాలు. జుక్కల్ బస్టాండ్ కాడ చాయ్ హోటల్లో కూర్చుంటే ఇట్లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. కాకుంటే ఒక వరుసలో రాసిపెట్టినవాళ్లు లేరు. ఆ లోటు నేను తీరుస్తున్నా. నా అర్హత అడగొద్దు. నా మాట విన్నోళ్లెవరూ ఇంతవరకు తిరుపతి కాడి గాదంకి రాడార్ కేంద్రం దాటి పోలేదు. నిజానికి గాదంకి దాకా కూడా పోలేదు. ఇంతకన్నా రుజువేం కావాలె?

తెలియనివాళ్లకు ఒక్క ముక్క. పోస్ట్‌డాక్ అంటే పీహెచ్‌డీ తర్వాత రెండు మూడేళ్లు ఏదో ఒక ల్యాబులో జీతం తీసుకుంటూ సొంత బుర్రతో పరిశోధన చేయడం. మన దేశంలో చాలాచోట్ల దాన్ని రీసెర్చ్ అసోసియేట్, పొట్టిగా ఆర్‌ఏ అంటారు. ఆ పీడ అంటకుండా చూసుకునే మార్గాలు ఇవీ.

1. ఊరి పేరు ఎత్తకు

సొంతూరు అని అడిగినచోట హైదరాబాద్ అని రాయి. జుక్కల్‌లో ఏముంది? కర్ణాటక, మహారాష్ట్రలను ఆనుకున్న మూల. కౌలాస్ కోట, సోయా, కంది, పత్తి. సైన్సుకు పనికొచ్చే ఆకాశం మన మండలంలో లేదు.

ఈ మాట గట్టిగా నమ్మాలె. ఎందుకంటే అసలు సంగతి వేరే ఉంది. భూమి అయస్కాంత మధ్యరేఖ మన దేశం దక్షిణ కొసన, తిరునెల్వేలి, తుంబా దిక్కుగా పోతుంది. దాని మీద సుమారు 105 కిలోమీటర్ల ఎత్తున పగటిపూట బలమైన విద్యుత్ ప్రవాహం నడుస్తుంది. రాకెట్ కేంద్రానికి తుంబాను ఏరుకున్నది అందుకే. 1963 నవంబర్ 21న అక్కడి నుంచి లేచిన మొదటి రాకెట్ సాయంత్రపు ఆకాశంలో సోడియం ఆవిరి చల్లింది. ఆ మధ్యరేఖ మీద పొద్దుగూకగానే అయనోస్ఫియర్ పైకి లేస్తుంది. దాని అడుగున పలచటి ప్లాస్మా బుడగలు పుట్టి, వందల కిలోమీటర్లు ఎగబాకి, అయస్కాంత రేఖల వెంట ఉత్తరానికి పరుచుకుంటాయి. బాగా పైకెక్కిన బుడగ జుక్కల్ నెత్తి మీదికే వస్తుంది. మార్చి, ఏప్రిల్, సెప్టెంబర్, అక్టోబర్ రాత్రుల్లో, అందునా సూర్యుడి మీద మచ్చలు ఎక్కువైన ఏళ్లలో వీటి జోరు ఎక్కువ. వాటిగుండా వచ్చే జీపీఎస్ సిగ్నల్ వణికిపోతుంది.

జర్మనీ, నార్వే పరిశోధకులకు ఈ బుడగలు తమ ఇంటి మీద కనిపించవు. మన దిక్కు రావాలె, లేదంటే పెరూలోని హికామార్కా రాడార్ కాడికి పోవాలె. ఈ ముచ్చట నీకు తెలిసిందంటే దరఖాస్తులో "నేను ఈ ఆకాశం కిందే పెరిగిన, దీని లెక్క ఇంకా తేలలేదు" అని ఒక పేరా రాస్తావు. చదివినవాళ్లు నిన్ను గుర్తుపెట్టుకుంటారు. అందుకే చెప్తున్నా, హైదరాబాద్ అనే రాయి.

2. పెట్టె పడితే పట్టించుకోకు

హైదరాబాద్‌లో టాటా ఫండమెంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం ఉంది. యాభై ఏళ్లకు పైగా అక్కడి నుంచి పరికరాల పెట్టెలు కట్టిన పెద్ద పెద్ద బెలూన్లు రాత్రిళ్లు లేచి, 30 కిలోమీటర్లు దాటి పోయి, పని కాగానే పారాచూట్ల కింద దిగుతున్నాయి. తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర జిల్లాల పేర్లు రాసి, "మీ చేలో పడితే ముట్టుకోవద్దు, పోలీసులకు చెప్పండి" అని పేపర్లో ప్రకటన వేస్తారు. 2025 జనవరిలో మన పొరుగున బీదర్ జిల్లా హుమ్నాబాద్ తాలూకా జలసంగిలో ఒకటి ఇంటి మీదనే పడింది. ఊరు ఊరంతా పోగైంది.

ఈ బెలూన్లతోనే 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తున గాలి పట్టి తెచ్చి, అందులో మూడు కొత్త రకాల బాక్టీరియా ఉన్నాయని 2009లో ఇస్రో ప్రకటించింది. ఒకదానికి ఆర్యభట పేరు, ఇంకొకదానికి ఇస్రో పేరే పెట్టారు.

నువ్వు చేయాల్సిందేమిటంటే, ఈ పెట్టెలో ఏం కొలిచారు, ఎవరు కొలిచారు, ఆ కొలతలు ఎవరి కాడ ఉన్నాయి అని అడగకపోవడం. "పరిశోధనంతా అమెరికాలో జరుగుతది" అని చాయ్ తాగి లేవడం. పెట్టెను ముట్టుకోవద్దన్న మాట మాత్రం నిజంగానే పాటించు. నేను ఇచ్చే సలహాల్లో సరైనది అదొక్కటే.

3. తిరుపతి పో, గాదంకి పోకు

తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి అనే ఊరుంది. దర్శనం చేసుకుని, లడ్డూలు తీసుకుని, కాణిపాకం పోతూ ఆ బోర్డు దాటేయాలె. బండి ఆపొద్దు.

ఆపితే ఏమైతది? 1992లో మొదలైన జాతీయ ఎంఎస్‌టీ రాడార్ కేంద్రం కనిపిస్తుంది. 2005 నుంచి దాని పేరు జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల, అందరూ ఎన్‌ఏఆర్‌ఎల్ అంటారు. అంతరిక్ష విభాగం కిందిది. 130 మీటర్ల పొడవు, 130 మీటర్ల వెడల్పు, అంటే నాలుగెకరాల పైచిలుకు నేలలో 1024 యాంటెన్నాలు వరుసగా నిలబడి ఉంటాయి. మనూళ్లో మేడల మీద ఒకప్పుడు దూరదర్శన్ కోసం పెట్టుకున్న ఏరియల్ జాతివే. 53 మెగాహెర్ట్జ్ తరంగాన్ని పైకి పంపుతాయి. ఈ రాడార్ చూసేది విమానాలను కాదు, గాలిని. గాలిలో సుడులు లేచినచోట తరంగం రవ్వంత వెనక్కి తిరుగుతుంది. ఆ రవ్వంతను పట్టుకుని ఏ ఎత్తున గాలి ఎటు, ఎంత వేగంతో పోతున్నదో లెక్క కడతారు. అయనోస్ఫియర్లో ప్లాస్మా బుడగలనూ, 150 కిలోమీటర్ల ఎత్తున పగటిపూట వచ్చే చిత్రమైన ప్రతిధ్వనులనూ ఇదే పడుతుంది.

ఇక్కడి కొలతలు వాడుకుని బయటి విశ్వవిద్యాలయాల పిల్లలు ఎందరో పీహెచ్‌డీలు చేశారు. తిరుపతిలో ఎస్వీ విశ్వవిద్యాలయం, అంతకు ముందెప్పుడో 1950ల్లో వాల్తేరులో ప్రొఫెసర్ బి. రామచంద్రరావు బృందం అయనోస్ఫియర్ పని మొదలుపెట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఇవన్నీ ఈ దారిలోని మజిలీలే. తెలుగు నేల మీద ఇంత కథ ఉందని తెలిస్తే నీకు ధైర్యం వచ్చేస్తుంది. అందుకే లడ్డూ తిని పడుకో.

4. ఒకే ఉత్తరం, అరవై మందికి

ల్యాబుకొక ఉత్తరం రాసుకుంటూ కూర్చుంటే ఎప్పటికి తెములుతుంది? కింది నమూనా దగ్గర పెట్టుకో.

"గౌరవనీయులైన సర్/మేడమ్, నేను మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో పోస్ట్‌డాక్ చేయాలని చిన్ననాటి నుంచి కలలు కంటున్నాను. స్పేస్ అంటే నాకు ప్రాణం. నేను కష్టపడి పనిచేస్తాను, త్వరగా నేర్చుకుంటాను. ఏ టాపిక్ ఇచ్చినా సిద్ధమే. నా బయోడేటా జతచేశాను. దయచేసి ఒక అవకాశం ఇవ్వగలరు."

దీన్ని అరవై చిరునామాలకు ఒకేసారి పంపు. అందరి పేర్లూ అందరికీ కనపడాలె, అదే దీని అందం. బ్లాక్ హోళ్ల మీద పనిచేసే ఆయనకూ, వడగళ్ల మీద పనిచేసే ఆమెకూ ఒకే ఉత్తరం. వాన కురిసే మబ్బులు మన దగ్గర సుమారు 17 కిలోమీటర్ల లోపలే ఉంటాయనీ, ఓజోన్ దాని పైదనీ, ఉల్కలు కాలిపోయేది ఇంకా పైన 80, 100 కిలోమీటర్ల దగ్గరనీ, ఒక్కో అంతస్తుకు ఒక్కో పరికరం, ఒక్కో బృందం ఉంటుందనీ నీకెందుకు? బయోడేటాలో తండ్రి పేరు, రక్తం గ్రూపు, పెళ్లయిందా లేదా తప్పక రాయి. పేపర్ల జాబితా చివరి పేజీలో, వీలైతే చిన్న అక్షరాల్లో.

అవతలివాళ్లు రాసిన పేపరు ఒక్కటి చదివి, "మీ బొమ్మలో రాత్రి తొమ్మిది తర్వాత ప్రతిధ్వని ఎందుకు తెగిపోయింది? నా దగ్గరున్న కొలతల్లో అట్లా లేదు" అని అడిగేవాళ్లు కొందరుంటారు. వాళ్లకు మర్నాడే జవాబొస్తుంది. వాళ్లతో సోపతి చేయకు.

5. సిఫార్సు పైనుంచి తే

సిఫార్సు లేఖ అనగానే నియోజకవర్గం పెద్దల ఇంటి ముందు పొద్దున ఏడింటికల్లా నిలబడాలె. లెటర్‌హెడ్ మీద "ఈ విద్యార్థి మా ప్రాంతానికి చెందినవాడు, తగు సహాయం చేయగలరు" అని రాయించుకుని, రంగు జిరాక్స్ తీసి జతచేయి. తెరిచినవాళ్లు నవ్వుకునేది ఎట్లాగూ నీకు వినపడదు.

అదీ దొరక్కపోతే నిన్ను ఒక్కసారి సెమినార్‌లో చూసిన పెద్ద ప్రొఫెసర్‌ను పట్టు. నీ పేరు ఆయనకు తెలియకున్నా ఫరవాలేదు. నీతో మూడేళ్లు కోడ్ రాసి, నీ తప్పులు పట్టి, నీ పట్టుదల చూసిన చిన్న వయసు సైంటిస్టు ఉంటే ఆమె జోలికి పోకు. ఆమె రాస్తే రెండు పేజీలు రాస్తుంది. అందులో నువ్వు కనిపిస్తావు. ఇంకో జాగ్రత్త: అడిగేది డెడ్‌లైన్ ముందు రోజు సాయంత్రమే.

6. లగ్గం బజారులో దీన్ని నౌకరీ అనకు

మేనత్త అడుగుతుంది: "పిల్లగాడు ఏం చేస్తుండు?" మీ అమ్మ చెప్తుంది: "పోస్ట్‌డాక్ వచ్చింది." మేనత్త అంటుంది: "అయ్యో, ఇంకా సదువేనా?" ఇక్కడితో ఆగాలె. లెక్క చెప్పొద్దు.

లెక్క చెప్తే ఏముంది? 2023 జనవరి నుంచి కేంద్ర ప్రభుత్వ పరిశోధన ప్రాజెక్టుల్లో ఆర్‌ఏకు మొదటి మెట్టు నెలకు 58,000, రెండోది 61,000, మూడోది 67,000 రూపాయలు. ఇంటి అద్దె భత్యం వేరే. పీహెచ్‌డీలో చేరినప్పుడు జూనియర్ రీసెర్చ్ ఫెలోకు (జేఆర్‌ఎఫ్) వచ్చే 37,000తో పోల్చుకుంటే ఎక్కువే. శాశ్వతం కాదు, ఏడాదికోసారి పొడిగిస్తారు, ఒక్కోసారి డబ్బు నెలలు ఆలస్యంగా చేతికొస్తుంది. ఇదీ నిజమే. ఈ రెండో ముక్క ఒక్కటే ఊరంతా చాటు. మొదటిది మింగేయి. గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం నాలుగేళ్లు హైదరాబాద్ అశోక్‌నగర్ గదిలో ఉండడం మాత్రం గౌరవమైన పని, దాన్ని ఎవరూ ఖాళీ అనరు.

7. తేదీలు వాటంతటవే ఆగుతాయి

థీసిస్ ఇచ్చి వైవా కోసం ఎదురుచూసే రోజుల్లో దరఖాస్తులు పెట్టకు. థీసిస్ సబ్మిట్ చేసినవాళ్లను కూడా చాలాచోట్ల తీసుకుంటారన్న మాట నమ్మొద్దు. కాన్వొకేషన్‌లో గౌను వేసుకుని ఫొటో దిగినంకనే మొదలుపెట్టు.

నేషనల్ పోస్ట్‌డాక్టొరల్ ఫెలోషిప్ అని ఒకటుంది, ఒకప్పుడు సెర్బ్ ఇచ్చేది, ఇప్పుడు అనుసంధాన్ సంస్థ చేతికి వచ్చింది. 35 ఏళ్ల లోపు అంటారు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు, మహిళలకు, దివ్యాంగులకు ఐదేళ్ల సడలింపు ఉంది. ఓబీసీలు ఆ సడలింపు వాడుకోవాలంటే కుల సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉండాలె. మనం మామూలుగా మీసేవలో తీసుకున్నది రాష్ట్ర నమూనాలో ఉంటుంది. ఈ తేడా చివరి రోజు సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చున్నాక తెలుసుకోవడం మంచిది. అప్పటికి తహసీల్ ఆఫీసుకు తాళం వేసి ఉంటుంది.

బయటి దేశాలవాళ్లు ఇంకా కఠినులు. జర్మనీ హంబోల్ట్ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కు పీహెచ్‌డీ అయి నాలుగేళ్లు దాటకూడదంటారు. జపాన్ జేఎస్‌పీఎస్‌కు ఆరేళ్లు. ఈ రెంటికీ అక్కడి సైంటిస్టు ఒకరు ముందే "రండి" అని ఒప్పుకుని ఉండాలె, అంటే తేదీకి నెలల ముందు పలకరించాలె. నువ్వు మాత్రం పండగయ్యాక చూద్దామనుకో. దసరా పోయాక దీపావళి, ఆ తర్వాత సంక్రాంతి ఉండనే ఉన్నాయి.

8. ఇస్రో అంటే రాకెట్ ఒక్కటే

ఎవరైనా అడిగితే "ఇస్రో, లేకుంటే నాసా" అని రెండే పేర్లు చెప్పు. తిరువనంతపురంలో విక్రమ్ సారాభాయ్ కేంద్రంలోనే అంతరిక్ష భౌతిక ప్రయోగశాల వేరేగా ఉందనీ, అహ్మదాబాద్ భౌతిక పరిశోధన ప్రయోగశాల (పీఆర్‌ఎల్)లో పోస్ట్‌డాక్‌లు తీసుకుంటారనీ తెలుసుకోకు.

మన జుక్కల్ పిల్లలకు ఈ రెంటికన్నా దగ్గరిదాన్ని అసలే చూడకు. దేగ్లూర్, నాందేడ్ మీదుగా బండెక్కితే ముంబై. నవీ ముంబైలో భారత భూ అయస్కాంత సంస్థ ఉంది. నానాభాయ్ మూస్ పేరుతో పోస్ట్‌డాక్ ఫెలోషిప్ ఇస్తుంది. కొలాబా అబ్జర్వేటరీకి తొలి భారతీయ డైరెక్టర్ ఆయన. బొంబాయిలో కరెంటు ట్రాములు వస్తే అయస్కాంత కొలతలు చెడిపోతాయని, 1904లో సముద్రం అవతల అలీబాగ్‌లో కొలతలు మొదలుపెట్టారు. అక్కడి గదులు ఇనుము లేకుండా కట్టారు. నూటా ఇరవై ఏళ్లు దాటినా ఆ కొలత ఆగలేదు. మనూళ్లో సగం మంది సంతలో మరాఠీ మాట్లాడతారు. ఆ మరాఠీ అక్కడ అద్దె గది వెతకడానికి పనికొస్తుందని ఎవరికీ తట్టకపోవడమే క్షేమం.

9. ఆడపిల్లకు రాత్రి రాడార్ ఎందుకు?

బుడగలు పొద్దుగూకినంకనే పుడతాయి. అర్ధరాత్రి దాకా కొలతలు తీయాల్సి రావచ్చు. కాబట్టి "బిడ్డా, పగలు వచ్చే సైన్సు ఏదైనా చూసుకో, బీఈడీ చెయ్" అని చెప్పాలె. ఆస్పత్రిలో నర్సుగా రాత్రి డ్యూటీ చేసే పెద్దకూతురి జీతంతో ఇల్లు నడుస్తున్నప్పుడు కూడా ఈ మాట తడబడకుండా చెప్పగలగాలె. ల్యాబులో క్వార్టర్స్ ఉన్నాయా, వసతి ఎట్లా అని ఫోన్ చేసి కనుక్కుంటే రెండు నిమిషాల్లో తేలిపోయేదే. అందుకే ఫోన్ చేయొద్దు.

10. ఇంటర్వ్యూలో వినయం విడవకు

ఇన్ని చేసినా ఒక్కోసారి పిలుపు వస్తుంది. అప్పుడు ఇది చివరి ఆయుధం.

"మా దగ్గర మొదటి ఆరు నెలలు ఏం చేస్తారు?"

"మీరేది చెప్తే అది సార్."

"సాయంత్రం అయనోస్ఫియర్ ఎందుకు పైకి లేస్తుంది?"

"అదంతా మా గైడ్‌గారు చూసుకునేవారు సార్."

"మీ థీసిస్‌లో మీకు నచ్చని అధ్యాయం ఏది?"

"అన్నీ బాగున్నాయి సార్."

మధ్యలో సూర్యుణ్ణి చూసే ఆదిత్య ఎల్1 పేరు నాలుగుసార్లు వాడు. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి పోయింది, 2024 జనవరి 6న 15 లక్షల కిలోమీటర్ల దూరాన తన చోటు చేరింది. ఇంతవరకు చాలు. అక్కడ సౌర గాలిని కొలిచే పరికరాలు ఏవి, వాటి కొలతలకూ గాదంకి మీది బుడగలకూ సంబంధమేమిటి అనే దాకా పోతే అది పరిశోధన అయిపోతుంది. ఉదాహరణకు 2022 ఫిబ్రవరిలో ఒక మామూలు సౌర తుఫానుకు పైగాలి వేడెక్కి ఉబ్బి, అప్పుడే వదిలిన స్టార్‌లింక్ ఉపగ్రహాలు 49లో 38 కూలిపోయాయి. 2024 మేలో వచ్చిన పెద్ద తుఫానుకు లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. "ఇట్లాంటి రోజున మన అక్షాంశాల్లో ఏం జరిగిందో నేను చూస్తా, ఫలానా కొలతలతో మొదలుపెడతా" అని ఎవరైనా అంటే ఇంటర్వ్యూ బోర్డు ముందుకు వంగి వింటుంది. నువ్వు కుర్చీ అంచున కూర్చుని చేతులు కట్టుకో.

హామీ

పదీ పాటిస్తే పోస్ట్‌డాక్ రాదు. అది నా పూచీ. వయోపరిమితి దాటినంక నా దగ్గరికి రండి, "ఈ దేశంలో ప్రతిభకు విలువ లేదు" అని ఇద్దరం కలిసి చాయ్ తాగుదాం.

ఒక్క పని మాత్రం పొరపాటున కూడా చేయకండి. మీ థీసిస్‌కు దగ్గరగా పనిచేసే ఒక్కరి పేపరు ఈ వారం మొత్తం చదివి, అందులో మీకు తెగని ప్రశ్నను పది లైన్లలో రాసి, ఊరి పేరుతో సహా సంతకం పెట్టి ఆ ఒక్కరికే పంపకండి. జవాబు వచ్చిందంటే నా సలహాలు పది కూడా దండగే.